శుక్రవారపు కాపలా

మా ఇంట్లో కుక్క ఉండాలని మేమెవరమూ అనుకోలేదు. 2009 మార్చిలో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం అద్దెకున్న ఇంటికి అది చుట్టపుచూపుగా వచ్చింది. మా ఆయనతో కలిసి కారు విడిభాగాల కంపెనీలో పనిచేసే స్నేహితుడికి ఉద్యోగం పోయింది. ఆ స్నేహితుడికి టెక్సాస్‌లోని ప్లేనోలో కాంట్రాక్టు పని దొరికింది గానీ, అక్కడి అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని రానివ్వరట. "రెండు నెలలు చూసుకోండి, ఇల్లు మారగానే వచ్చి తీసుకెళ్తాం" అని చెప్పి, కుక్కనీ దాని గిన్నెనీ సగం ఖాళీ అయిన తిండి సంచీనీ మా గరాజ్‌లో దింపి వెళ్లారు. గోధుమరంగు మగకుక్క. ఒక చెవి నిలబడి, ఇంకో చెవి సగానికి వంగి ఉండేది. దానికో పేరుంది గానీ ఇంట్లో నేను తప్ప ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మా ఆయన "డాగ్" అనేవారు. మామయ్యగారు "ఒరేయ్" అనేవారు.

మామయ్యగారు అంతకు నెల ముందే గుడివాడ నుంచి వచ్చారు. అత్తయ్యగారు పోయాక ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. కూర్చున్నా నడుం వంచేవారు కాదు. షుగరు ఉంది. ఉదయం ఒక మాత్ర, అరగంటకు టిఫిను, తర్వాత తన గదిలో బైబిలు, ప్రార్థన.

నేను చదువుకున్నది ఇంటర్ వరకే. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి ఉద్యోగం చేసే వీలు లేదు. మొదటి చలికాలం కిటికీలోంచి మంచు చూస్తూ గడిపాను. రెండో చలికాలానికి ఊరి లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. ఒకసారికి ఎన్ని పుస్తకాలిస్తారని కౌంటరు దగ్గరున్నావిడను అడిగితే, "నువ్వెన్ని మోయగలవు?" అంది. ఆ మాట పట్టుకుని నేను నిజంగానే మోశాను. కారు నడపడానికి ముందు దాని ఇంజను గురించి చదివాను. కొళాయి కారితే ఫోటోల పుస్తకం పక్కన పెట్టుకుని నేనే బిగించాను. మామయ్యగారు వస్తున్నారని తెలియగానే షుగరు మీద నాలుగు పుస్తకాలు తెచ్చి, ఏ మాత్ర ఎప్పుడు, ఎంతసేపటికి తిండి అని ఒక పట్టీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇవి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. డిగ్రీలున్నవాళ్లు ఇంట్లో ఫంక్షన్లకి వచ్చి నన్ను "హౌస్‌వైఫా?" అని అడిగినప్పుడు, ఆ పుస్తకాలే నా వెనక నిలబడ్డాయి.

కుక్క రాగానే కుక్కల మీద ఏడు పుస్తకాలు తెచ్చాను. అన్నిట్లోనూ ఇంచుమించు ఒకే సలహా ఉంది. ముందు అది ఏం చేస్తోందో టైముతో సహా రాసుకోవాలి, ఎందుకు చేస్తోందో తర్వాత ఆలోచించాలి. నేనూ నోటుబుక్కు పెట్టాను. ఉదయం ఆరింటికి ఇంట్లో ఉన్న ప్రతి తలుపు కింద ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఏడున్నరకి మామయ్యగారి టిఫిన్ టేబుల్ కింద చేరుతుంది. పోస్టు బండికి మాత్రమే మొరుగుతుంది, ఇంకే బండికీ మొరగదు. సాయంత్రం భోజనాలయ్యాక మేమిద్దరం బేస్‌మెంట్‌లోకి దిగగానే, అది పైకెళ్లి మామయ్యగారి గదిలో నేలమీదున్న, వేడిగాలి వచ్చే హీటరు జాలీకి చెవి ఆనించి పడుకుంటుంది.

వీటిలో చాలావాటికి పుస్తకాల్లో సమాధానం దొరికింది. తలుపుల దగ్గర వాసన చూడటం తన హద్దులు సరిచూసుకోవడం. పోస్టు బండి రోజూ వచ్చి, తను మొరగ్గానే పోతుంది కాబట్టి తనే గెలిచాననుకోవడం. జాలీ దగ్గర వెచ్చదనం.

ఒక్కదానికి దొరకలేదు.

కొన్ని రోజుల్లో, అన్ని రోజులూ కాదు, పదకొండు గంటలవుతుండగా అది మామయ్యగారి గది తలుపు ముందు నిలబడేది. కూర్చోవడం కాదు, నిలబడటమే. ముందు కాలు ఒకటి సగం ఎత్తి, రెండు చెవులూ తలుపువైపు పెట్టి, ఈలలాంటి సన్నని మూలుగు మూలిగేది. ఆయన బయటికొస్తే మోకాలిని ముక్కుతో గుద్దేది. మెట్లు దిగబోతే ముందు దిగి అడ్డంగా నిలబడేది.

నాకు మొదట అనుమానం వచ్చింది కుక్క మీదే. ఆ తర్వాత మామయ్యగారి మీద. తలుపు మూసుకుని దాన్ని కొడుతున్నారేమో, అందుకే అక్కడ మూలుగుతోందేమో అనుకున్నాను. కానీ కొట్టిన మనిషి మోకాలి దగ్గరికి కుక్క వెళ్లదని పుస్తకంలో ఉంది. మరైతే గదిలో మిఠాయి దాచుకున్నారా? ఆయన చర్చికి వెళ్లినప్పుడు పరుపు కిందా, సూట్‌కేసులోనూ వెతికాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి బాగోలేదు, కానీ వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆయనకీ నా మీద అనుమానమే.

"అమ్మాయ్, వీణ్ణి నా మీద కాపలా పెట్టావా?" అన్నారు ఒకరోజు తలుపు తీసి.

"నేనెందుకు పెడతాను మామయ్యగారూ?"

"ఏమో. నువ్వు పుస్తకంలో రాస్తావు, వాడు తలుపు దగ్గర నిలబడతాడు. చెకింగు ఇన్‌స్పెక్టర్లు ఇద్దరిద్దరు ఎక్కేవాళ్లు మా బస్సులో. ఒకడు ముందు తలుపు, ఒకడు వెనక తలుపు."

నవ్వుతూనే అన్నారు. కానీ మళ్లీ తలుపు మూసి గడియ పెట్టుకున్నారు.

ఇంకో సంగతి కూడా నా కంట్లో పడింది. కొన్ని రోజులు ఇడ్లీ పళ్లెం అద్దంలా మెరుస్తూ వచ్చేది, పక్కన గిన్నెలో పల్లీ చట్నీ పోసింది పోసినట్టే ఉండేది. ఆయన చట్నీ లేకుండా ఇడ్లీ ముట్టే మనిషి కాదు. మొదటి రోజే "ఇంకో గరిటె వెయ్యమ్మా" అని రెండుసార్లు వేయించుకున్నారు.

"చట్నీ బాలేదా?"

"కారం కాస్త ఎక్కువైంది."

కృష్ణా జిల్లా మనిషి నా చట్నీకి కారం ఎక్కువైందంటే నేను నమ్మలేదు. నా వంట నచ్చక వంక పెడుతున్నారనుకుని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. అది కుక్క సంగతితో కలిపి చూడాలని నాకు తోచలేదు. చట్నీ వంటింటి గొడవ, నోటుబుక్కు కుక్కది.

మే నెల మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం మామయ్యగారు మెట్ల మీద పడ్డారు. కింది రెండు మెట్లే కాబట్టి మోచెయ్యి దోక్కుపోవడంతో పోయింది. నేను వెనక పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపలికొచ్చేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు, కుక్క ఆయన చెయ్యి నాకుతోంది. సాయంత్రం మా ఆయన ఆ దెబ్బ చూసి ఏమైందని అడిగారు.

"కుక్క కాళ్లకి అడ్డం వచ్చిందిరా" అన్నారు మామయ్యగారు, కొడుకు మొహం చూడకుండా.

భోజనాలయ్యాక మా ఆయన నన్ను బేస్‌మెంట్‌లోకి పిలిచారు. ఆ రోజుల్లో మా ముఖ్యమైన మాటలన్నీ అక్కడే. ఆయన ఆఫీసులో లేఆఫ్‌లు శుక్రవారాలే జరిగేవి. గురువారం సాయంత్రమల్లా ఎవరి పేర్లు లిస్టులో ఉండొచ్చో లెక్కలు వేసేవారు, శుక్రవారం సాయంత్రం వచ్చి ఎవరెవరు తమ సామాన్ల పెట్టెలు పట్టుకుని వెళ్లారో చెప్పేవారు. పెద్దాయనకి తెలిస్తే బెంగపెట్టుకుంటారని ఇదంతా పైన మాట్లాడేవాళ్లం కాదు.

"చూడు, డాగ్‌ని యానిమల్ షెల్టర్‌లో ఇచ్చేద్దాం" అన్నారు.

"ప్లేనో వాళ్లకి ఏం చెబుతాం?"

"వాళ్లు ఫోనే ఎత్తట్లేదు. నాన్నకి హిప్ ఫ్రాక్చర్ అయితే ఆ విజిటర్ ఇన్సూరెన్స్ దేనికీ పనికిరాదు. రేపొద్దున నా జాబ్ పోతే మనం ఎక్కడుంటామో మనకే తెలీదు. మధ్యలో ఇదొకటా?"

"షెల్టర్‌లో పెద్ద కుక్కల్ని ఎవరూ తీసుకోరండీ. తీసుకోకపోతే వాళ్లు సూది వేసి..."

"తెలుసు."

"నాకు ఒక్క వారం టైమివ్వండి. ఎందుకలా చేస్తోందో కనుక్కుంటాను. కారణం తెలిస్తే మాన్పించొచ్చు."

"నీ లైబ్రరీ రీసెర్చా?"

"అవును, నా లైబ్రరీ రీసెర్చే."

ఆయన కాసేపు ఆలోచించి, "ఓకే. వచ్చే శనివారం పొద్దున దాకా. తర్వాత ఆర్గ్యూ చేయొద్దు" అన్నారు.

పైకొచ్చి నోటుబుక్కు ముందేసుకున్నాను. తలుపు దగ్గర నిలబడిన రోజులకి ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటూ పోయాను. పది గీతలు. పదీ శుక్రవారాలే. ఇంతకాలం తారీఖులు రాశాను గానీ వారాలు రాయలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. ఆ వెంటనే సంతోషమూ కలిగింది, ఎందుకంటే శుక్రవారం మా వీధికి చెత్త లారీ వస్తుంది. పదకొండుకి కాస్త అటూ ఇటూ. మనకి వినపడని దూరం నుంచే కుక్క ఆ చప్పుడు వింటుంది, భయపడి ఇంట్లో పెద్దమనిషి దగ్గర చేరుతుంది. అంతా సరిపోయింది. మా ఆయనకి చెబితే, "అయితే ఫ్రైడే దాన్ని బేస్‌మెంట్‌లో పెడితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోతుందని గట్టిగా చెప్పాను.

ఆ వారం సోమవారం సెలవు, మే చివరి సోమవారం. సెలవొచ్చిన వారంలో చెత్త లారీ ఒకరోజు ఆలస్యంగా, అంటే శనివారం వస్తుంది. నాకు ఆ సంగతి శుక్రవారం పొద్దున డబ్బా బయటపెట్టడానికి వెళ్లినప్పుడే తట్టింది. వీధిలో ఒక్క డబ్బా కూడా లేదు. మంచిదే, నా ఊహకు పరీక్ష అనుకున్నాను. లారీ రాకపోతే కుక్క నిలబడకూడదు. బేస్‌మెంట్‌లో పెట్టకుండా ఇంట్లోనే వదిలేశాను.

ఏడింటికి మామయ్యగారికి మాత్ర, నీళ్ల గ్లాసు ఇచ్చి, ఆయన మింగేదాకా ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డాను. ఏడున్నరకి నాలుగు ఇడ్లీలు, చట్నీ పెట్టి స్నానానికి వెళ్లాను.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా కుక్క మెట్లెక్కింది. తలుపు ముందు నిలబడింది. కాలు ఎత్తింది. మూలుగు మొదలైంది. బయట వీధి నిశ్శబ్దంగా ఉంది.

వారం రోజుల గడువు అక్కడితో అయిపోయినట్టే. చేతిలో ఇంకే ఊహా లేదు. వంటింట్లోకొచ్చి సింకులో పళ్లేలు తోమడం మొదలుపెట్టాను. ఇడ్లీ పళ్లెం మెరుస్తోంది. చట్నీ గిన్నె నిండుగా ఉంది.

చట్నీ మిగిలిన రోజులు నేను ఎక్కడా రాయలేదు, కానీ గుర్తు తెచ్చుకోగలను. కారం ఎక్కువైందన్న రోజు పొద్దున, మా ఆయన లిస్టు గురించి హడావిడిగా ఫోన్లో మాట్లాడుతూ టై కట్టుకున్నారు. శుక్రవారం. అంతకు ముందుసారి చట్నీ మిగిలినప్పుడు దాన్ని మర్నాడు చర్చివాళ్ల శనివారం కూటానికి దోసెలతో పట్టుకెళ్లాను. శుక్రవారమే.

చేతులు తుడుచుకోకుండానే మెట్లెక్కాను. చెప్పులు కింద వదిలేశాను. ఆయన్ని పట్టుకుందామనే వెళ్లాను, అబద్ధమెందుకు. కుక్క నన్ను చూసింది గానీ కదల్లేదు. తలుపుకి చెవి పెడితే లోపల ఆయన గొంతు.

"జరగాలి... లోపలికి జరగాలి... ఆడవాళ్లకి దారివ్వండయ్యా."

ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారనుకున్నాను. తలుపు తట్టాను. పలకలేదు. గడియ పెట్టలేదు ఆ రోజు, తోస్తే తెరుచుకుంది. ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద ఉన్నారు, ఎదురుగా బైబిలు తెరిచి ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నన్ను చూసి, చాలా మర్యాదగా, టిక్కెట్టు డబ్బులకన్నట్టు చెయ్యి చాపి అడిగారు.

"ఎక్కడికమ్మా?"

"మామయ్యగారూ!"

"పామర్రా, ఉయ్యూరా? తొందరగా చెప్పాలి."

ఆ చెయ్యి వణుకుతోంది. పుస్తకంలో చదివిన పేజీ కళ్లముందు తెరుచుకుంది: చెమటలు, వణుకు, మాట తడబాటు. కిందకి పరిగెత్తి ఆరెంజ్ జ్యూస్ తెచ్చి గుక్క గుక్కగా తాగించాను. వేలు గుచ్చి మీటర్లో చూస్తే షుగరు యాభై కూడా లేదు. పావుగంట తర్వాత మళ్లీ గుచ్చాను, మళ్లీ తాగించాను. డాక్టరాఫీసుకి ఫోన్ చేస్తే నర్సు చేయమన్నవన్నీ చేశాను. కుక్క గుమ్మంలో పడుకుని నా ప్రతి కదలికా చూస్తోంది.

కాసేపటికి ఆయన మొహంలోకి ఆయన తిరిగొచ్చారు.

"ఇడ్లీలు ఏం చేశారు?" అన్నాను.

"వాడు తిన్నాడు."

"ఎన్ని?"

"నాలుగూ. చట్నీ వాసన చూసి తుమ్మాడు, అందుకని వెయ్యలేదు."

"ఎన్ని శుక్రవారాలు?"

"నువ్వే రాస్తున్నావుగా, నువ్వే చెప్పు."

"ఉపవాసమైతే మాత్ర ఎందుకు మింగారు?"

"నువ్వు గ్లాసు పట్టుకుని పోలీసులా ఎదురుగా నిలబడితే మింగక ఏం చేస్తాను?"

ఫ్రిజ్ మీద నేను అంటించిన పట్టీలో మాత్ర టైము ఉంది, తిండి టైము ఉంది. తిన్నారో లేదో కనుక్కోవాలని లేదు. పళ్లెం ఖాళీ అయితే తిన్నట్టే అనుకున్నాను.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యగారూ. మాత్ర ఆపేదాన్ని."

"ఉపవాసం చాటింపు వేసి చేసేది కాదమ్మా. చెబితే ఎందుకని అడుగుతావు." ఆయన నేలమీదున్న హీటరు జాలీని గడ్డంతో చూపించారు. "మీరిద్దరూ కిందకి దిగి గుసగుసలాడేదంతా అందులోంచి నా మంచం మీదకే వస్తుంది. లిస్టులు, పెట్టెలు, శుక్రవారాలు. మొదటిరోజు దగ్గి చూశాను, మీకు వినపడలేదు."

మేం బేస్‌మెంట్ ఎంచుకున్నది ఆయన వినకూడదని. ఈ దేశంలో హీటరు గొట్టాలు ఇల్లంతా కలిపి ఉంటాయని, వేడితో పాటు మాటా పైకెక్కుతుందని కొళాయిలు బిగించిన నాకు తట్టలేదు. కుక్కకి తట్టింది. అది మార్చి నుంచీ ఆ జాలీ దగ్గర వింటూనే ఉంది. వెచ్చదనం అని రాసుకున్నాను నేను.

"మెట్ల మీద కుక్క అడ్డం వచ్చిందా?"

ఆయన జ్యూస్ గ్లాసు కింద పెట్టారు.

"కళ్లు తిరిగాయి. నోటికొచ్చింది చెప్పేశాను."

"రేపు దాన్ని తీసుకెళ్లిపోతారు."

"అదీ విన్నాను." మోచేతి మీద ఎండిన పక్కు గోక్కున్నారు. "నీ పుస్తకాల్లో ఏదో ఒకటి ఉంటుందిగా. అది చెప్పి ఆపు. ఉపవాసం సంగతి వాడికి వద్దు. వాడికున్న గొడవలు చాలు."

పుస్తకాల్లో ఉంది నిజమే. షుగరు పడిపోతే కొన్ని కుక్కలు వాసనతో పసిగడతాయని, దానికోసం శిక్షణ కూడా ఇస్తారని చదివాను. మా కుక్క అదే చేసిందని చెబితే మా ఆయన మెత్తబడతారు. కానీ మధ్యాహ్నమంతా నాకు అనుమానమే. నాలుగు ఇడ్లీలు పెట్టిన మనిషి తలుపు దగ్గర ఇంకో నాలుగు దొరుకుతాయని నిలబడిందా? గదిలో ఆయన గొంతు మారడం విని బెదిరిందా? చెమట వాసనా? పదకొండు శుక్రవారాలు చూసి కూడా నేను ఏదీ రుజువు చేయలేను. ఆ వంగిన చెవి వెనక ఏముందో నాకు తెలియదు.

సాయంత్రం మా ఆయన వచ్చారు. చేతిలో పెట్టె లేదు. పొద్దున జరిగింది చెప్పాను, ఇడ్లీల మాట మాత్రం చెప్పలేదు. షుగరు పడిపోయిందని, కుక్క ముందే కనిపెట్టిందని చెప్పాను. ఆయన తండ్రి వేళ్లు చూశారు, మీటరు చూశారు, తర్వాత నన్ను చూశారు.

"నిజంగా షుగర్ స్మెల్ చేసిందంటావా? నీకు తెలుసా, లేక డాగ్ కోసం చెబుతున్నావా?"

ఎవరి ముందైనా నాకున్న పరువు ఒక్కటే: చదవనిది చదివానని, తెలియనిది తెలుసని నేను అనను.

"తెలియదు" అన్నాను. "తెలుసని చెప్పలేను."

"మరి మెట్ల మీద నాన్న పడ్డారు కదా. అది మాత్రం తెలుసు. సారీ, ఐ గేవ్ యూ ఎ వీక్."

మామయ్యగారు కుర్చీలోంచి లేచారు. "వాడు పడెయ్యలేదురా. ఖాళీ కడుపుతో నేనే పడ్డాను. వాడు అడ్డం నిలబడ్డాడు కాబట్టి రెండు మెట్లతో పోయింది."

"ఖాళీ కడుపేంటి? టిఫిన్ తినలేదా?"

"శుక్రవారాలు తినట్లేదు."

"ఎందుకు?"

"మీ ఆఫీసులో శుక్రవారాలు ఏం జరుగుతున్నాయో నాకు తెలుసు."

మా ఆయన నావైపు తిరిగారు, నేనే చెప్పానని. కాదని తల ఊపాను. ఆయన అన్నం తినకుండా బేస్‌మెంట్‌లోకి దిగిపోయారు. ఆ రాత్రి మామయ్యగారి గదిలో జాలీలోంచి ఒక్క మాట కూడా పైకి రాలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మా ఆయన కారు తాళాలు, కుక్క తాడు తీసుకున్నారు. "పదండి" అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. కుక్క సంబరంగా వెనక సీట్లోకి ఎగిరింది. మామయ్యగారు చెప్పులేసుకుని దాని పక్కన కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను. వీధి చివర షెల్టర్‌కి కుడివైపు తిరగాలి. మా ఆయన మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు. ఇండికేటరు వేయడం ఆయనకి ఎప్పుడూ ఆలస్యమే.

ఎడమవైపు తిరిగారు.

పెంపుడు జంతువుల సామాన్ల దుకాణంలో శనివారాలు టీకాలు వేస్తారు. బయట పొడుగాటి క్యూ. ఒకమ్మాయి అట్ట మీద పెట్టిన ఫారం ఇచ్చింది. మా ఆయన కారు బానెట్ మీద పెట్టి నింపడం మొదలుపెట్టారు. యజమాని అన్న చోట ప్లేనో స్నేహితుడి పేరు రాస్తారేమోనని మెడ చాపి చూశాను. తన పేరే రాశారు. చిరునామా రాశారు. పగటిపూట ఫోన్ నంబరు అన్న చోట అలవాటుగా ఆఫీసు నంబరు మొదలుపెట్టి, మూడంకెలు వేశాక ఆగారు.

వాటిని కొట్టేసి పక్కన ఇంటి నంబరు రాశారు.

మామయ్యగారు ఆయన భుజం మీంచి అదంతా చూశారు. కొడుకు చేతిలోంచి తాడు తీసుకున్నారు. క్యూలో మా ముందున్నవాళ్లు ఒక అడుగు కదిలారు.

"జరగరా ఒరేయ్" అన్నారు కుక్కతో. అది ఆయన మోకాలికి ముక్కు ఆనించి, నాకు ఇప్పటికీ అర్థంకాని ఆ చూపుతో ఒకసారి పైకి చూసి, జరిగింది.